ఆకు తిప్పి చూసే జక్రయ్య

ప్రత్తిపాడుకు దక్షిణంగా ఉన్న మా ఊరి నల్లరేగడి చేలలో మిరపకు మందు కొట్టే కూలీలు ఏడెనిమిది మంది ఉన్నారు. పిలిచిన వెంటనే పంపు వీపుకు తగిలించుకొని, నీళ్ల డ్రమ్ము ఎక్కడుందని అడిగేవారే వారిలో ఎక్కువ. జక్రయ్య మాత్రం ఉత్తచేతులతో చేలోకి దిగుతాడు. నాలుగు మూలల్లో నాలుగు మొక్కల దగ్గర వంగి, చిగురాకును రెండు వేళ్లతో తిప్పి, దాని అడుగుభాగాన్ని ఎండకు పట్టి చూస్తాడు. ఆ తరువాత గాని రైతు తెచ్చిపెట్టిన సీసా వైపు చూడడు. చాలాసార్లు ఆ సీసాను మూత తీయకుండానే వెనక్కి ఇచ్చేస్తాడు.

ముప్పై నాలుగేళ్లు పిల్లలకు తెలుగు చెప్పి విశ్రాంతి పొందిన తరువాత, మా నాన్నగారి ఎకరన్నర చేనును నేనే చేయించుకోవాలన్న ఉబలాటం నాకు పుట్టింది. మొదటి ఏడాదే ఆకులు ముడుచుకున్నాయి. ప్రత్తిపాడు వెళ్లి, దుకాణంలో మిరప ముడుచుకుందని చెప్పి, వారిచ్చిన సీసా పట్టుకొచ్చాను. జక్రయ్య చేలోంచి తిరిగి వచ్చి నా ఎదుట నిలబడ్డాడు.

"ఆకు చూపించారా మాస్టారూ?"

"లేదు. ముడత అని చెప్పాను."

"ఏ ముడత?"

"ముడతల్లో మళ్లీ రకాలేమిటయ్యా?"

అతడు తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుంటూ నవ్వు దాచుకున్నాడు. "పైకి దోనె లాగా ముడిస్తే తామర పురుగండి. బోర్లించినట్టు కిందికి ముడిస్తే నల్లి, మంచంలోది కాదు, కంటికి ఆనని ఆకు నల్లి. మీది నల్లి. మీరు తెచ్చింది తామర పురుగుది. అది డ్రమ్ములకి డ్రమ్ములు కొట్టినా నల్లి చలించదు. ఇదిగో, ఈ ఆకు పట్టకెళ్లి మార్చుకు రండి. ఆకు చూపించకుండా మందు అడిగితే వాడు మాత్రం ఏం చెబుతాడు?"

ఇతరుల తప్పులను ఎర్రసిరాతో దిద్దడానికి అలవాటు పడినవాణ్ణి, ఆకు జేబులో పెట్టుకొని, నా తప్పు దిద్దుకోవడానికి సైకిలెక్కాను. మా స్నేహానికి అది ఆరంభం.

జక్రయ్య చదువు అయిదో తరగతితో ఆగింది. తండ్రి లేడు, తల్లి పొగాకు ఆరబెట్టే బేరన్ కొట్టాల్లో ఆకు కట్టేది. పద్నాలుగో ఏట చేతిపంపు పట్టినవాడు యాభై తొమ్మిదో ఏట కూడా పంపు దించలేదు. పంపు కారి, మందు వీపు మీదుగా జారి, చర్మం కాలిన మచ్చలు అతడి భుజాల నుంచి నడుము దాకా ఉన్నాయి. వాటిని అతడు దాచుకోడు, చూపించుకోడు. "కాలింది" అంటాడు, అంతే. ఎవరు కాల్చారన్న ప్రశ్నకు చోటివ్వని ఆ అకర్మక క్రియ మా ప్రాంతపు కూలి జనానికి ఎంత అక్కరకు వచ్చిందో వ్యాకరణాలు రాసిన మహానుభావులకు తెలిసి ఉండదు. చేయి తెగింది, కాలు విరిగింది, ఒళ్లు కాలింది. కర్త ఉండడు. కానీ నేను చెప్పదలచినది ఇది కాదు.

భార్య పోయి నాలుగేళ్లయింది. కొడుకు శ్యామ్ సుందర్ నా దగ్గరే పదో తరగతి చదివాడు. ఇప్పుడు తుళ్లూరు వైపు రాజధాని పనుల్లో టిప్పర్ నడుపుతూ వారానికొకసారి ఇంటికొస్తాడు. కోడలు శాంతి తెల్లవారేసరికి పదిమంది ఆడవాళ్లతో ఆటో ఎక్కి, గుంటూరులో మిరపకాయలకు తొడిమలు తీసే పనికి వెళుతుంది. అందువల్ల మనుమరాలు రెబ్కాకు జడలు వేసి బడికి పంపే పని తాతది. మందు కొట్టిన చేతులను మూడుసార్లు సబ్బుతో కడిగి, వాసన చూసుకొని, అప్పుడు దువ్వెన పట్టుకొనేవాడు. పాపిడి తీయడంలో అతడికి సాటి లేదు. సాలు తోలినట్టు తిన్నగా ఉండేది. రెండో తరగతి చదివే రెబ్కా మాత్రం ఆ శ్రమను ఏనాడూ మెచ్చుకోలేదు.

"తాతా, లాగితే నా కళ్లు పక్కకి పోతున్నై."

"పోనీలేవే. పక్కనున్నోడి పలకలో చూసి రాసుకోవచ్చు."

కిందటి దసరా సెలవుల్లో పిల్లను చూసుకొనే మనిషి లేకపోయింది. శాంతి పనికి పోతూ పోతూ గుమ్మంలో నిలబడి గట్టిగానే చెప్పింది: "మావయ్యా, పక్కింటి జయకుమారక్క ఇంట్లో వదలండి గానీ, మందు కాడికి మాత్రం తీసుకుపోవద్దు." జక్రయ్య సరేనన్నాడు. రెండు రోజులు మాట నిలబెట్టుకున్నాడు కూడా. మూడోరోజు పిల్ల కాళ్లకు చుట్టుకుంది. వాగు గట్టు పక్కన ఎవరిదో మిరపచేను. గట్టు మీద తుమ్మచెట్టు కింద, వానలకు నడుమెత్తు పెరిగిన గడ్డిని కాస్త తొక్కి, ఆమెను కూర్చోబెట్టి తన పని తాను చేసుకున్నాడు. ఎండ మొహాన పడుతోందని తన తలగుడ్డనే ఆమె తలకు చుట్టి, ముడి చెవి వెనుక వేశాడు. ఆమె గడ్డిలోనే నిద్రపోయింది. అలా నాలుగు రోజులు గడిచాయి. తల్లికి చెప్పవద్దని తాతా మనుమరాలు ఒప్పందం చేసుకున్నారు.

బడులు తెరిచారు. వారం గడిచాక రెబ్కాకు జ్వరం వచ్చింది. ఆ మరునాడు తల దువ్వుతూ ఎడమ చెవి వెనుక జుట్టు పక్కకు తీసిన జక్రయ్యకు, కందిగింజంత నల్లటి పెచ్చు కనిపించింది. దాని చుట్టూ ఎర్రటి అంచు. సిగరెట్టుతో చురక పెట్టినట్టుంది.

"నొప్పిగా ఉందా?"

"ఏది తాతా?"

నొప్పి లేదు, దురద లేదు. కానీ సరిగ్గా ముడి ఒరుసుకున్న చోటు అది. మందు ఇంకిన తలగుడ్డ. ఒంటి మీద కాలిన మచ్చలున్నవాడికి అది ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదనిపించింది. తన మందే పిల్లను కాల్చిందనీ, ఆ విషమే ఒంట్లోకి దిగి జ్వరమైందనీ అతడు తీర్మానించుకున్నాడు. పెచ్చు మీద పసుపు అద్ది, జుట్టు దాని మీదికి దువ్వి, జడను రోజూ కంటే కిందికి, బిగువుగా అల్లాడు.

ఊళ్లో ఆర్.ఎం.పి. డాక్టరు కోటేష్ రెండు సూదులు వేసి అడిగాడు: "పిల్ల గాని మందు కొట్టే చోటికి వచ్చిందా జక్రయ్యా?"

"నేనెందుకు తీసుకెళతా? లేదు."

అయిదు రోజులు సూదులు సాగాయి. జ్వరం దిగలేదు. ఆరోరోజు పిల్ల తల పట్టుకొని ఏడ్చి, తిన్నదంతా కక్కి, మగతలోకి జారిపోయింది. పిలిస్తే కళ్లు తెరుస్తుంది, మళ్లీ మూస్తుంది. శ్యామ్ సుందర్ తుళ్లూరు నుంచి నేరుగా గుంటూరు పెద్దాసుపత్రికి వచ్చాడు. కాగితాలు చదవడానికి నేను తోడుండాలని జక్రయ్య కోరాడు. వెళ్లాను.

పిల్లల వార్డులో శ్రీరమ్య అనే చిన్న వయసు డాక్టరమ్మ ఉంది. పిల్ల తల కింద చేయి పెట్టి లేపబోతే మెడ వంగలేదు. వెన్నులోంచి నీరు తీసి పరీక్షకు పంపించారు. మెదడును చుట్టి ఉండే పొరలు వాచాయని తేలింది.

"జ్వరానికి ముందు పొలానికి గానీ, గడ్డిలోకి, పొదల్లోకి గానీ వెళ్లిందా?" అని డాక్టరమ్మ అడిగింది.

శాంతి మామగారి వైపు చూసింది.

"లేదమ్మా," అన్నాడు జక్రయ్య. "ఇల్లు, బడి. అంతే."

ఆ జబ్బుకు సాధారణంగా ఇచ్చే బలమైన సూదిమందు మొదలుపెట్టారు. మొదటిరోజు పోయింది. రెండోరోజు పోయింది. మూడోరోజు ఉదయం రెబ్కాకు ఫిట్స్ వచ్చాయి. తగ్గి కళ్లు తెరిచేసరికి ఎడమకన్ను లోపలికి, ముక్కు వైపుకు తిరిగిపోయి ఉంది. కన్నును బయటి వైపుకు తిప్పే నరం పని చేయడం లేదని డాక్టరమ్మ చెప్పింది.

డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచింది. "మాస్టారూ, ఇప్పటికి తగ్గుముఖం పట్టాలండి. పట్టలేదంటే మనం కొడుతున్నది ఒకటి, లోపలున్నది ఇంకొకటి అయ్యుండొచ్చు. ఇంట్లో వాళ్లు మరిచిపోయినదేమైనా ఉందేమో, మీరు అడిగితే చెబుతారేమో కనుక్కోండి."

జక్రయ్య వార్డు బయట మెట్ల మీద కూర్చొని ఉన్నాడు. ఆ మాటలను ఉన్నవి ఉన్నట్టుగా అతడికి చెప్పాను. అతడి చూపు తన రెండు అరచేతుల మీద ఉంది.

"కొడుతున్నది ఒకటి, ఉన్నది ఒకటి అందా?"

"అవును."

"అనదా మరి!" అన్నాడు. "ఆకు నేను దాచిపెట్టా గదండీ. ఊళ్లో రైతులందర్నీ తిట్టేవోణ్ణి, ఆకు చూపించకుండా మందడుగుతారేందిరా అని. ఆ మాటే నాకు తగులుద్దని అనుకోలా."

నాకేమీ అర్థం కాలేదు. అతడు లేచి తిన్నగా వార్డులోకి వెళ్లాడు. నేను వెంట నడిచాను. డాక్టరమ్మ, శాంతి, శ్యామ్ సుందర్ ముగ్గురూ మంచం దగ్గరే ఉన్నారు. జక్రయ్య మనుమరాలి ఎడమ జడ విప్పాడు. చెవి వెనుక జుట్టును, ఎన్నడూ లేనంత నెమ్మదిగా, పాయ పాయగా పక్కకు తీశాడు.

"అమ్మా, నేను కాల్చాను. సెలవుల్లో నాలుగు రోజులు చేలోకి తీసుకెళ్లా. గట్టు మీద గడ్డిలో పడుకోబెట్టా. నా మందు గుడ్డ తలకి కట్టా. అదే పిల్లని కాల్చింది. మీరడిగితే లేదన్నా. పోలీసులకి చెప్పుకుంటారో, ఏం చేసుకుంటారో చేసుకోండి. ముందు పిల్లని చూడండి."

డాక్టరమ్మ అతడి మాటలను సగమే విన్నట్టుంది. ఫోన్ దీపం వెలిగించి, వంగి, ఆ పెచ్చును చూసింది. వేలితో అంచు తడిమింది. ఆమె మొహం మారిపోయింది. అక్కడున్న అందరిలోకీ ఆమె ఒక్కతే సంతోషపడటం చూసి, ఈ అమ్మాయికి మతి చలించిందేమో అని నేను ఒక్క క్షణం అనుకున్నాను.

"తాతగారూ, ఇది మందు కాల్చింది కాదు. కుట్టింది. నల్లి."

జక్రయ్య తలెత్తాడు. "నల్లా? మిరప నల్లా?"

"దాని జాతిదే, కానీ అది కాదు. గట్ల మీద గడ్డిలో, పొదల్లో ఉంటుంది. కంటికి కనిపించదు. కుడితే తెలియను కూడా తెలియదు. కుట్టిన చోట ఇట్లా నల్లటి పెచ్చు కడుతుంది. అక్కణ్ణుంచి క్రిమి ఒంట్లోకి పోయి జ్వరం వస్తుంది. స్క్రబ్ టైఫస్ అంటాం. ముదిరితే మెదడు దాకా పోతుంది. ఇన్ని రోజులూ ఇస్తున్న సూది దాని మీద పని చెయ్యదు."

"పని చేసేది ఉందా అమ్మా?"

"ఉంది. డాక్సీసైక్లిన్. ఇప్పుడే మొదలుపెడతాం."

శ్యామ్ సుందర్ ముందుకు వచ్చాడు. "మేడమ్, అది మామూలు బిళ్ల కదండీ? మా టిప్పర్ల కాడ జ్వరాలొస్తే క్యాంపులో పంచేది అదే. ఇంత పెద్ద జబ్బుకి ఆ బిళ్లా? పైగా పిల్లలకేస్తే పళ్లు పసుపుపచ్చగా అయిపోతాయంటగా?"

ఆమె జవాబు చెప్పేలోగానే జక్రయ్య కొడుకు మీద విరుచుకుపడ్డాడు. "ఒరేయ్, బిళ్ల పెద్దదా, సూది పెద్దదా అని కాదురా! నల్లికి నల్లి మందే కొట్టాలి. ఇంకేది కొట్టినా నీళ్లు చల్లినట్టే."

"తాతగారు చెప్పింది నిజం," అంది డాక్టరమ్మ. "పళ్ల సంగతి పాత మందుల వల్ల వచ్చిన భయం. కొద్ది రోజులు వాడితే దీనితో మచ్చలు రావని తేలింది. రక్తం పరీక్షకు కూడా పంపుతాను గానీ, ఆ ఫలితం వచ్చేదాకా ఆగను."

పిల్ల మింగే స్థితిలో లేదు కనుక మొదటి మోతాదులు నరంలోకి ఎక్కించారు.

ఆ తరువాతి రెండు రోజులూ మంచం పక్కన కూర్చోవడం తప్ప నాకు పని లేదు. డాక్టరమ్మ తీరిక వేళల్లో మాటలాడేది. చలి దేశాల అడవుల్లో నల్లికి పెద్దమ్మ వంటి గోమారి కుట్టి, లైమ్ అనే జబ్బు వస్తుందట. అది కూడా పిల్లల నరాల మీదికి పోయి, ఒక్కోసారి మొహం ఒక పక్కకు జారేలా చేస్తుందట. దానికి సూదిమందే ఇవ్వాలా, నోటి బిళ్ల చాలదా అని అక్కడి వైద్యులు ఏళ్ల తరబడి వాదించుకొని, చాలామందికి ఈ డాక్సీసైక్లిన్ బిళ్లే చాలునన్న చోటికి వచ్చారట. "వాళ్లకి రెండూ పనిచేస్తాయి మాస్టారూ. మనకి ఇదొక్కటే," అంది. కుక్కల చెవుల్లో గోమారిని చిన్నప్పుడు ఎన్నిసార్లు గిల్లి పారేశానో! పశువైద్యుడికి తప్ప మరెవరికీ దానితో పని ఉండదనుకొనేవాణ్ణి. మన భాషలో వీటికి ఇన్ని పేర్లున్నాయి. పేరున్న ప్రతిదానికీ ఒక సంగతి ఉంటుందని పిల్లలకు చెబుతూ వచ్చిన నాకు, ఈ సంగతి తెలుసుకోవడానికి డెబ్బై ఏళ్లు పట్టింది.

శాంతి ఆ రెండు రోజులూ మామగారితో మాటలాడలేదు. ఒకే ఒక్కసారి, ఆయన తెచ్చిన ఇడ్లీ పొట్లాన్ని పక్కకు తోసి అంది: "ఊరందరి ఆకులకీ చెప్పే నోరు గదా మావయ్యా! ఇంట్లో పిల్ల దగ్గరికొచ్చేసరికి మూగబోయిందా? వారం రోజులు! నా పక్కనే కూర్చుని, జడేసి, దాచారు." జక్రయ్య ఆ పొట్లం తీసుకొని బయటికి వెళ్లాడు. వార్డు గుమ్మం బయటే కూర్చున్నాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, పొమ్మని కూడా అనలేదు.

మొదటి రోజు జ్వరం అలాగే ఉంది. రెండో రోజు మధ్యాహ్నం నర్సు వచ్చి కొలిచి, మళ్లీ కొలిచి, కాగితం మీద రాసుకొని వెళ్లింది. నేను చదివాను: తొంభై తొమ్మిది. సాయంత్రానికి రెబ్కా కళ్లు తెరిచి, వంకర చూపుతోనే తల్లిని పోల్చుకొని, ఇద్దరమ్మలెందుకున్నారని అడిగింది. శాంతి ఏడ్చింది, నవ్వింది, మళ్లీ ఏడ్చింది. తరువాత గుమ్మం దాకా వెళ్లి, బయటికి తల పెట్టి, "తాత ఏడని అడుగుతుంది," అంది. అడిగినట్టు నాకు వినపడలేదు.

మరి కొద్ది రోజుల్లో రక్తపరీక్ష ఫలితం వచ్చింది. డాక్టరమ్మ అనుమానమే నిజం. కన్ను తిన్నబడటానికి వారాలు పడుతుందనీ, మిగిలిన మందు ఇంటి దగ్గర వేసుకోవచ్చుననీ చెప్పి పంపించారు. బిళ్లలో సగం, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, ఏదైనా తిన్న తరువాత, నిండా నీళ్లతో, పాలతో కలపరాదు, వేసుకున్న వెంటనే పడుకోరాదు, జ్వరం లేదు కదా అని నడుమ ఆపరాదు. ఆ సూచనలన్నీ నేను ముత్యాల వంటి అక్షరాలతో తెల్లకాగితం మీద తిరగరాసి ఇచ్చాను. శాంతి దాన్ని చదివి, మడిచి, బిళ్లల అట్టతో సహా జక్రయ్య చేతిలో పెట్టింది.

"నేను పనికి పోవాల. మీరే వెయ్యండి మావయ్యా. ఒక్క పూట తప్పితే ఊరుకోను."

"తప్పదమ్మా."

"ఏదైనా కనబడితే?"

"చెబుతా."

"ఎప్పుడు?"

"అప్పుడే."

జబ్బు నుంచి కోలుకున్నవారి ఇంటివారు ఆదివారం ఆరాధనలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పడం వాళ్ల చర్చిలో ఆనవాయితీ. దేవుడు చేసిన మేలును తలచుకొని స్తోత్రం చెబుతారు. జక్రయ్య నన్ను కూడా రమ్మన్నాడు. వెళ్లి వెనుక బెంచీలో కూర్చున్నాను. జక్రయ్య ఇస్త్రీ చొక్కా వేసుకొని లేచాడు. దేవుడికి స్తోత్రం చెప్పాడు. డాక్టరమ్మ పేరు చెప్పాడు. అంతటితో కూర్చోవచ్చు. కూర్చోలేదు.

"ఇంకోటుంది," అన్నాడు. పిల్లను చేలోకి తీసుకెళ్లింది, గడ్డిలో పడుకోబెట్టింది, పెచ్చు కనిపించింది, జడ కింద దాచింది, ఇద్దరు డాక్టర్లతో అబద్ధం చెప్పింది, ఏదీ వదలకుండా చెప్పుకుపోయాడు. ప్రతి వాక్యానికీ కర్త ఉన్నాడు. ఆ కర్త "నేను."

సంఘపెద్ద వెంకయ్య ముందు వరసలోంచి చొక్కా అంచు పట్టి లాగాడు. "ఒరేయ్ జక్రయ్యా, సాక్ష్యం చెప్పమంటే నేరం ఒప్పుకుంటావేందిరా? చాల్లే, కూర్చో."

"కూర్చుంటా అన్నా. ఇదొక్కటి చెప్పనీ. మన పిల్లలంతా గట్ల మీదే గదా పెరిగేది. జ్వరమొస్తే ఒళ్లంతా చూడండి. చంకలో, చెవెనక, మొలతాడు కింద. నల్ల పెచ్చు కనబడితే పసుపు పుయ్యొద్దు, దాచొద్దు. తీసుకుపోయి డాక్టరుకి చూపించండి. పిల్ల గడ్డిలో పడుకుందని చెప్పండి. సిగ్గనిపిస్తే నన్ను తలుచుకోండి."

ఆడవాళ్ల వైపు ఎవరో తన ఒడిలోని బిడ్డ చెవి మడిచి చూస్తున్నారు. పక్కామె చూసి తానూ చూసింది. కాసేపటికి ఆ వరసల్లో పిల్లల కిచకిచలు, చక్కిలిగింతల నవ్వులు బయలుదేరాయి. పాస్టరుగారు ఓపికగా ఆగి, తరువాత కీర్తన సంఖ్య చెప్పారు. శాంతి పుస్తకం తెరిచింది. పేజీ దొరికాక దాన్ని మామగారికి కూడా కనిపించేటట్టు పక్కకు జరిపింది.

ఆరాధన ముగిసి బయటికి వస్తుంటే పక్కింటి జయకుమారి తన కొడుకును చెయ్యి పట్టి ఈడ్చుకుంటూ వచ్చి, వాడి చొక్కా ఎత్తి జక్రయ్యకు చూపించింది.

"అన్నా, ఇదేనా చూడు."

అతడు కళ్లద్దాలు సర్దుకొని, వంగి, శ్రద్ధగా చూశాడు.

"జ్వరముందా?"

"లేదు."

"ఇది దోమ కుట్టి గీరుకున్నట్టుంది. కానీ నన్నడగమాకమ్మా. నేను మందు కొట్టేవోణ్ణి. రేపు ఆసుపత్రికి తీసుకుపో."